తొంభై ఎనిమిది మీటర్ల నలభై

కొత్త ఇండోర్ హాలు ప్రారంభోత్సవానికి సావనీర్ వేస్తున్నారట. "స్టేడియం చరిత్ర మీకంటే ఎవరికి తెలుసు సార్, రెండు పేజీలు రాసియ్యండి" అని కమిటీ తరఫున వేణుగోపాల్ మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, ఏమేం రాయాలో ఒక జాబితా కూడా చేతిలో పెట్టి పోయాడు. శంకుస్థాపన ఎవరు చేశారు, గ్యాలరీ ఎవరు కట్టించారు, ఫ్లడ్‌లైట్లు ఎవరి హయాంలో వచ్చాయి, ఏ పెద్దమనిషి ఎప్పుడొచ్చి ఎక్కడ కూర్చున్నాడు. చిట్టచివర "రికార్డులు" అని ఒక ముక్క. చదివితే నాకు ఒళ్లు మండింది. ముప్పై నాలుగేళ్లు డ్రిల్లు మాస్టరుగా ఆ మట్టిలో పడి తిరిగినవాణ్ని. శిలాఫలకాల మీదున్న పేర్లు గోడకే అంటించి ఉన్నాయి గదా, పోయి చదువుకోమనండి. దానికి ఈ రాఘవేంద్రప్రసాద్ ఎందుకు?

నేను రాసేది దాదా ఖలందర్ గురించి. ఇరవై తొమ్మిదేళ్లు ఆ మైదానంలో సున్నం గీతలు గీసినవాడు. మొన్న జనవరిలో పోయాడు. ఎనిమిదేళ్ల కిందట ఒక పదిహేనేళ్ల పిల్ల సీటు ఆయన నోటిమాట మీద నిలబడింది. నోరు విప్పితే పిల్ల సీటు పోతుంది. విప్పకపోతే లోకంలో ఎవరికీ ఏమీ తెలియదు. అప్పుడు ఆయన ఏం చేశాడో, నేను ఏం చేశానో రాస్తున్నాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే ఈ కాగితాల్లో బొరుగులు పొట్లం కట్టుకోండి.

మా స్టేడియం కర్నూలు నడిబొడ్డున ఉంది. పెద్ద జాగా కావాలంటే అందరికీ అదే గుర్తొస్తుంది, అదీ దాని ఖర్మ. నవాబుల కాలంలో గుర్రాలు తిప్పిన మైదానమని మా తాత చెప్పేవాడు. కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లు అక్కడ గుడారాలు వేశారని ఇంకొందరంటారు. నా దగ్గర కాగితాలేమీ లేవు, నమ్మితే నమ్మండి. నేను కళ్లారా చూసినంతలో మాత్రం అక్కడ ఆటలు ఎన్ని జరిగాయో, ఆటలు కానివి అంతకు రెండింతలు జరిగాయి. ఎండాకాలం ఎగ్జిబిషన్ వచ్చి జెయింట్ వీల్ దిగేది. ఒక ఏడు సర్కసువాళ్లు లాంగ్‌జంప్ గుంత పక్కనే ఒంటెలను కట్టేశారు, ఆ ఇసుక వాసన పోవడానికి నెల పట్టింది. ఓట్లొస్తే సభలు. ఆర్మీ ర్యాలీలు, కానిస్టేబుల్ సెలక్షన్లు, సువార్త కూటాలు, రంజాన్ నెలలో ఇఫ్తార్ విందులు, దీపావళికి పటాకుల అంగళ్లు, పంద్రాగస్టుకు పెరేడ్. వచ్చిన ప్రతివాడూ గుంతలు తవ్వి గుంజలు పాతేవాడు. పని కాగానే గుంజలు పీక్కుని, గుంతలు మాకు వదిలేసి చక్కాపోయేవాడు.

మర్నాడు పొద్దున్నే ఖలందర్ దిగేవాడు. సన్నటి మనిషి, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, మెడలో గళ్ల తువ్వాలు. గుంతల్లో ఎర్రమట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, ఆ తర్వాత తాడు లాగి సున్నం పొడితో గీతలు గీసేవాడు. కబడ్డీకి ఒకటి, ఖోఖోకు ఒకటి, పరుగుకు ఎనిమిది దారులు. ఆయన గీత మీద కన్ను పెట్టి చూస్తే ఎక్కడా వంకర ఉండేది కాదు. మేం వెక్కిరించేవాళ్లం, "ఏమప్పా ఖలందర్, నీ పెండ్లి పందిరి కూడా ఇట్లనే కొలిచి వేయించినావా?" అని. "పందిరి వంకరైతే పెండ్లి ఆగదు గదా సార్. గీత వంకరైతే ఎవుడో ఒగడు ఓడిపోతాడు" అనేవాడు.

రెండు వేల తొమ్మిది వరద గుర్తుంది గదా. తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు మా గ్యాలరీ పై మెట్ల మీద జనం పిల్లాజెల్లతో కూర్చున్నారు. నీళ్లు దిగాక మైదానమంతా మోకాలి లోతు ఒండ్రు. గోల్‌పోస్టులు లేవు, గీతలు లేవు, స్టోర్ రూములో ఒక్క సామాను లేదు. పరుగు దారులు ఎక్కడ మొదలవుతాయో గుర్తు పెట్టుకోవడానికి ఖలందర్ భూమిలో ఇనుప మేకులు దిగ్గొట్టి ఉంచేవాడు. అవన్నీ బురద కిందే. జెండా స్తంభం ఒక్కటే మిగిలింది. ఆయన దానికి వీపు ఆనించి, అడుగులు లెక్కపెట్టుకుంటూ బురదలో నడిచి, ఒకచోట వంగి చెయ్యి పెట్టి తవ్వాడు. మేకు తగిలింది. నేను అక్కడే ఉన్నాను. ఆ రోజు నుంచి ఖలందర్ కొలత అంటే నాకు కళ్లు మూసుకునే నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఆయన తాడు గురించి చెప్పాలి. ఇరవై ఐదు మీటర్ల నూలు తాడు, ఆదోనిలో చెప్పి పేనించుకున్నది. ఆటకో రంగు గుడ్డపీలిక ముడేసి ఉండేది. కబడ్డీకి ఎరుపు, ఖోఖోకు పచ్చ, వాలీబాల్‌కు నీలం. నాలుగుసార్లు తాడు వేస్తే వంద మీటర్ల పరుగు. నైలాన్ తాడు తెచ్చిస్తానంటే వద్దనేవాడు, లాగితే సాగుతుందని. కానీ నూలు తాడుకూ ఒక జబ్బు ఉంది. తడిస్తే ముడుచుకుంటుంది. అందుకే వానకో మంచుకో తాడు తడిసిందంటే, ఖలందర్ దాన్ని రెండు గోల్‌పోస్టుల నడుమ బిగించి కట్టి, అట్లా లాగిపట్టే ఆరబెట్టేవాడు. ఎంత పనున్నా ఇది మానేవాడు కాదు. ఒక్కసారి మానాడు.

ఎనిమిదేళ్ల కిందట, సెప్టెంబరులో వానలు గట్టిగా పడ్డాయి. స్టోర్ రూము రేకు కారి తాడంతా నానిపోయింది. అదే పొద్దున ఆయన భార్య మౌలాబీ ఇంట్లో కూలబడింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఖలందర్ తడి తాడును చుట్టచుట్టి మూలన పడేసి ఆస్పత్రికి పరిగెత్తాడు. పన్నెండు రోజులు అక్కడే ఉన్నాడు. తిరిగొచ్చేసరికి తాడు చుట్టలోనే ఎండిపోయి ఉంది. పొడిగా ఉంది గదా అని తీసుకున్నాడు. ఆయన మనసంతా మౌలాబీ మంచం దగ్గరే ఉంది. అక్టోబరు మొదట్లో జిల్లా పోటీలు.

రూలు ప్రకారం పోటీలకు ముందు మీట్ సెక్రటరీ ఉక్కు టేపుతో పరుగు దారి కొలవాలి. "కొలిచి సరిచూసితిని" అని ఫారం మీద సంతకం పెట్టాలి. ఆ ఏడు సెక్రటరీని నేనే. పోటీల పొద్దున ఖలందర్ నా దగ్గరికొచ్చాడు. అప్పటికే పిల్లలు అక్కడక్కడ కాళ్లు సాగదీసుకుంటున్నారు.

"సార్, ఉక్కు టేపు తెచ్చినారా? పరుగు దావ ఒగసారి చూసుకుందాం."

టేపు నా బీరువాలో ఉంది. ముఖ్య అతిథి కారు బయల్దేరిందని ఫోనొచ్చింది. దండలు ఇంకా రాలేదు.

"నీ తాడుండగా టేపెందుకప్పా?" అన్నాను. ఫారం తీసి, నిలబడే సంతకం గిలికేశాను.

ఇక మహిమ సంగతి. వాళ్ల నాయన జయరాజ్ బళ్లారి చౌరస్తా వైపు షేర్ ఆటో తోలేవాడు. పిల్ల మా బడే. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తేది. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. అటువంటి పిల్ల మాస్టరుకు పదేళ్లకొకసారి దొరుకుతుంది. ఆ ఏడు ఒక పెద్ద క్రీడా హాస్టలువాళ్లు జిల్లాకొక ఆడపిల్లను తీసుకుంటామన్నారు. తిండి, చదువు, కోచ్, బూట్లు, అన్నీ వాళ్లవే. షరతు ఒక్కటే. జిల్లా పోటీల్లో వంద మీటర్లు పదమూడు పాయింట్ రెండు సెకన్లలోనో, అంతకంటే తక్కువలోనో పరిగెత్తాలి. పదహారు నిండకూడదు. మహిమకు జనవరిలో పదహారు నిండుతాయి. అంటే ఇంకో ఏడు లేదు, ఇంకో అవకాశం లేదు.

పదమూడు పాయింట్ ఒకటి! గడియారాలు పట్టుకున్న ముగ్గురం ముఖముఖాలు చూసుకున్నాం. స్టేడియం పాత రికార్డు పదమూడు పాయింట్ రెండు. జయరాజ్ ఆటో గేటు దగ్గరే వదిలేసి పరిగెత్తుకొచ్చి కూతుర్ని ఎత్తుకుని తిప్పాడు. స్టేడియం పాత హాలు గోడ మీద రికార్డుల బోర్డులో పెయింటుతో మహిమ పేరెక్కింది. నేనైతే పొంగిపోయి స్టాఫ్ రూములో అందరికీ మైసూర్‌పాకు పంచాను. నా పిల్ల, నా శిక్షణ, నా గొప్ప! మహిమ పెట్టె కూడా సర్దుకుంది.

పది రోజులకు దీపావళి అంగళ్లు. అంగడికీ అంగడికీ మధ్య మూడు మీటర్లు ఖాళీ వదలాలని ఫైరాఫీసు నియమం. ఖలందర్ తాడు వేసి గుర్తులు పెట్టాడు. ఫైరాఫీసు మనిషొకడు ఉక్కు టేపుతో వచ్చి కొలిచి, "ఐదు సెంటీమీటర్లు తక్కువుంది పెద్దాయనా, పోనీలే" అని నవ్వి వెళ్లబోయాడు. ఖలందర్ నవ్వలేదు. ఆ టేపు అడిగి తీసుకుని, మైదానం మీదే తాడు పరిచి కొలిచాడు. ఇరవై నాలుగు మీటర్ల అరవై. తర్వాత పరుగు దారికి పోయాడు. పోటీల సున్నం ఇంకా సగం సగం కనపడుతోంది. మొదలు నుంచి చివరిదాకా కొలిచాడు. తొంభై ఎనిమిది మీటర్ల నలభై.

మధ్యాహ్నం బడికొచ్చి, నన్ను వేపచెట్టు కిందికి పిలిచి చెప్పాడు. లెక్క నాకు రాదా? తగ్గిన మీటరున్నర కలిపితే పిల్ల టైము పదమూడు పాయింట్ మూడు. సీటు లేదు.

"ఎవురికైనా చెప్పినావా?" అన్నాను.

"లేదు సార్. మొదట మీకే."

"అయితే ఇంగెవురికీ చెప్పొద్దు. ఆ తాడును పొయ్యిలో పెట్టు."

ఆయన నా మొహంలోకి చూశాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం ఎవరి మీదో నాకు అప్పుడే తెలుసు, తెలిసీ ఆయన మీద చూపించాను. "నీకు బుద్ధుందా? ఆటో తోలుకునేవాని బిడ్డ. పెట్టె సర్దుకోనుండాది. నీ మీటరు కోసం దాని నోటికాడి కూడు తీస్తావా? ఎవురికి నష్టం? ఎవుని సొమ్ము పోయింది?"

"నేనూ అదే అనుకున్యా సార్, వచ్చేటప్పుడు దావంతా. చెప్పకుంటే యేమాయె అని." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "కానీ ఆ హాస్టల్లో మొదటి దినమే పరిగెత్తిస్తారు గదా. ఆడ సరైన కొలత ఉంటాది. పదమూడు మూడు వస్తాది. మర్నాడూ అంతే వస్తాది. అప్పుడు ఆ బిడ్డ యేమనుకుంటాది? నా కాళ్లు తగ్గిపాయె అనుకుంటాది. తప్పు నా తాడుది సార్. అది పోయి ఆ బిడ్డ కాళ్ల మీద పడతాది."

నా నోటికొచ్చిన మాట మంచిది కాదు. "చెప్తే నీ ఉద్యోగం ఉండదు" అన్నాను. ఆయన ఔట్‌సోర్సింగ్ మనిషి. ఇంట్లో పడిపోయిన భార్య. "అది నా మాట గదా సార్" అన్నాడు.

సాయంత్రం జయరాజ్ ఇంటికి బయల్దేరాడు. నేనూ వెంట పోయాను. ఆయనకు తోడుగా కాదు. దారిలో ఎక్కడైనా మనసు మార్చుదామని. మారలేదు.

చిన్న ఇల్లు. వాకిట్లో ఆటో, గోడకు యేసు క్యాలెండరు, గడప పక్కన మహిమ కొత్త రేకు పెట్టె. ఖలందర్ కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు, తాడు, వాన, మౌలాబీ, పటాకుల అంగళ్లు, అన్నీ. జయరాజ్ మొదట అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక భగ్గుమన్నాడు.

"ఎవురు అడిగినారు నిన్ను? ఎవురన్నా అడిగినారా? దేవుడు ఇచ్చినాడనుకున్యాం, నువ్వొచ్చి పెరుక్కొని పోతాండావు! ఏం మనిషివప్పా నువ్వు!" చొక్కా పట్టుకోబోయాడు. ఖలందర్ వెనక్కి జరగలేదు. కొడితే కొట్టించుకునేటట్టే నిలబడ్డాడు.

"నాయినా, ఉండు" అంది మహిమ. తలుపు పక్కన నిలబడి ఉంది. "ఎంత తక్కువ చాచా?"

"మీటరు అరవై, బిడ్డా."

ఆ పిల్ల తన పాదాల వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత తలెత్తింది. "ఆ పొద్దు ఎవురూ టేపుతో కొల్లేదా?"

నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. రెండడుగుల దూరంలో. ఖలందర్ నా వైపు తిరగనైనా తిరగలేదు.

"కొలుస్తామన్నారు, నేనే వద్దంటి. నా తాడు సరిగ్గా ఉండాదని చెప్తి. సార్ నా మాట నమ్మినాడు. తప్పంతా నాదే."

మీటరున్నర కోసం ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధపడిన మనిషి, నా కోసం నిలువునా అబద్ధం ఆడాడు. నేను నోరు విప్పలేదు. రెండేళ్లలో రిటైరవుతాను, పెన్షన్ కాగితాలు, మచ్చలేని సర్వీసు, ఇవే నా తలలో తిరిగాయి. మహిమ కొంచెంసేపు ఖలందర్ వైపు చూసింది, కొంచెంసేపు నా వైపు చూసింది. టేపు సంగతి మళ్లీ ఎత్తలేదు.

"అయితే సరిగ్గా కొలిచి ఇంగొగసారి పరిగెత్తిస్తారా?" అంది.

ఖలందర్ హాస్టలువాళ్లకు స్వహస్తాలతో అర్జీ రాశాడు, అందులోనూ నా సంతకం మాట ఎత్తలేదు. ఏడో తరగతి చదువు, అక్షరాలు గుండ్రంగా ఉండేవి. హాస్టలువాళ్లు మర్యాదస్తులే. వచ్చే శనివారం వాళ్ల మనిషి ముందర, వాళ్ల టేపుతో కొలిచి, ఒక్క పరుగు. అంతే.

శనివారం నాటికి అంగళ్లు ఎత్తేశారు. మైదానమంతా కాలిన పటాకుల కాగితాలు, గంధకం వాసన. ఖలందర్ తెల్లారకముందే వచ్చి ఒక్క దారి మేరకు ఊడ్చి, గుంతలు పూడ్చి, గీతలు గీశాడు. హాస్టలు మనిషి రెండుసార్లు కొలిచాడు. సరిగ్గా వంద. ఆ ఒక్క దారిలో ఆ పిల్ల ఒంటరిగా నిలబడింది. గ్యాలరీలో జయరాజ్ ఒక్కడే తల వంచుకుని కూర్చున్నాడు, ప్రార్థన చేస్తున్నాడేమో.

పరిగెత్తింది. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, మొదటిసారి కంటే బాగా పరిగెత్తిందనే నాకు అనిపించింది. గడియారానికి మన అనిపించడాలతో పని లేదు. పదమూడు పాయింట్ మూడు. పదో వంతు సెకను! రెప్ప కొట్టడానికి కూడా అంతకంటే ఎక్కువ పడుతుంది. హాస్టలు మనిషి కాగితం మీద రాసుకుని, "బాగా పరిగెత్తినావమ్మా" అని కారెక్కి పోయాడు.

ఖలందర్ గీత చివర సున్నం డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు. మహిమ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుని, నేరుగా ఆయన దగ్గరికి నడిచింది.

"ఈసారి సరిగ్గానే ఉండాది గదా చాచా?"

"సరిగ్గా వంద, బిడ్డా."

"అయితే సరేలే" అంది. అని, అప్పుడు ఏడ్చింది. ఖలందరూ ఏడ్చాడు. నేను గ్యాలరీ వెనక్కి పోయి కుళాయి కింద తల పెట్టాను.

ఆ వారమే ఆయన హాలు గోడకు నిచ్చెన వేసుకుని మహిమ పేరు మీద తెల్లరంగు తనే పూశాడు. ఆయనకు మెమో ఇచ్చారు. గీతల పని నుంచి తీసేసి, గ్యాలరీలు ఊడ్చే పనిలో వేశారు. ఉద్యోగం పోలేదు, అదే మేలు. గీతలు ఎవరెవరో గీశారు, వంకరగా. నాకు మాత్రం రెండేళ్లకు అదే మైదానంలో శాలువా కప్పి, దండేసి, "కొలతకు మారుపేరు" అని ఎవరో మైకులో పొగిడారు. నేను ఆ దండ మెడలో వేసుకుని నవ్వుతూ ఫోటోలు దిగాను. ఆ ఫోటో మా ఇంటి హాల్లో ఇప్పటికీ ఉంది, చూస్తే తల కొట్టేసినట్టుంటుంది.

మహిమ పరుగు మానలేదు. దాన్ని మాననీయలేదు ఖలందర్. సొంతంగా ఉక్కు టేపు కొనుక్కుని, చీపురు పట్టేముందు రోజూ పొద్దున్నే ఆ పిల్ల కోసం వంద మీటర్లు కొలిచి పెట్టేవాడు. జయరాజ్ రెండేళ్లపాటు ఆయన్ని ఆటో ఎక్కించుకోలేదు. ఎదురైతే మొహం తిప్పుకునేవాడు.

తర్వాత కరోనా వచ్చింది. కూరగాయల మార్కెట్టును స్టేడియంలోకి మార్చారు. మనిషికీ మనిషికీ దూరం ఉండేటట్టు సున్నంతో గుండ్రాలు గీయాలన్నారు, వందలకొద్దీ. గీసేవాడేడీ? చీపురు పట్టుకున్న ఖలందర్‌ను పిలిచారు. రెండు రోజుల్లో మైదానమంతా గుండ్రాలు వేశాడు. మూతికి గుడ్డ కట్టుకుని కర్నూలు కర్నూలంతా వచ్చి, ఆ గుండ్రాల్లో బుద్ధిగా నిలబడి టమోటాలు, ఉల్లిగడ్డలు కొనుక్కుంది. జయరాజ్ కూడా వచ్చాడు. సంచి పట్టుకుని ఒక గుండ్రంలో నిలబడి, దూరంగా ఉన్న ఖలందర్‌ను చూసి, "ఏమప్పా, మౌలాబక్క ఎట్లుండాది?" అని అరిచాడు. ఆ తర్వాత గీతల పని మళ్లీ ఆయనకే వచ్చింది. రిటైరయ్యేదాకా చేశాడు.

మొన్న జనవరిలో పోయినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. సందు నిండా జనం, సగం మంది ఆటగాళ్లే. మౌలాబీ మంచం మీదే ఉంది. ఆమె పడిపోయిన కుడి చేతిని తన ఒడిలో పెట్టుకుని ఒక అమ్మాయి పక్కన కూర్చుని ఉంది. మహిమ. మొన్నటి డీఎస్సీలో పీఈటీ పోస్టు కొట్టి, ఆదోని వైపు ఒక హైస్కూల్లో చేస్తోంది. అక్కడి మాస్టర్లు చెప్పుకుంటారు, పోటీలకు వచ్చిందంటే సొంత టేపు తెస్తుందని, కొలవనిదే ఎవరినీ సంతకం పెట్టనివ్వదని.

జనాజా లేచింది. మగవాళ్లు కదిలారు. నేను చెప్పులు వెతుక్కుంటుంటే మహిమ వాకిట్లోకి వచ్చింది. ఎవరో అంటున్నారు, "ఎంత నిజాయితీ మనిషి, ఒక్క అబద్ధం ఆడి ఎరుగడు" అని. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

"ఒగటి ఆడినాడు సార్" అంది మహిమ నెమ్మదిగా, నాకు మాత్రమే వినపడేటట్టు. "మా ఇంట్లో. ఆ పొద్దు చాచా టేపు అడిగినప్పుడు నేను పక్కనే కాళ్లు సాగదీసుకుంటాండా. మీరు యేమన్నారో విన్నా."

నాకు చెప్పు కాలికి ఎక్కలేదు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు చెప్తారని సార్" అంది. "ఎనిమిదేండ్ల నుంచి చూస్తాండా."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. అని, మళ్లీ లోపలికి, మౌలాబీ దగ్గరికి వెళ్లిపోయింది. నేను జనాజా వెంట నడిచాను, భుజం పట్టడానికి ధైర్యం చాలక అందరికంటే వెనక.

వేణుగోపాల్, నీ జాబితాలో రికార్డులు అని ఉంది గదా. ఆ చోట ఇది వెయ్యి, ఒక్క అక్షరం మార్చొద్దు. బాలికల పరుగు. జె. మహిమ. పదమూడు పాయింట్ ఒకటి సెకన్లు. దూరం తొంభై ఎనిమిది మీటర్ల నలభై. గీత గీసినవాడు దాదా ఖలందర్, టేపు అడిగాడు. కొలవకుండా కొలిచానని సంతకం పెట్టినవాడు రాఘవేంద్రప్రసాద్.